కాలిన తుపాకి మరల పనికివచ్చునా?

ఫాల్గుణము దాటి ఎండలు ముదిరినది మొదలు పల్లెలలో నిప్పు భయము పట్టుకొనును. తాటాకు, బోద, రెల్లు కప్పిన ఇండ్లు, పక్కనే గడ్డివాములు, మధ్యాహ్నము వీచు వడగాలి - ఒక రవ్వ చాలును. మంటలు చల్లారిన మరునాడు రైతు బూడిద త్రవ్వి, మిగిలినదేదో చూచుకొనును. నాగటి కర్రు, గడ్డపార, కొడవళ్ళు, ఇత్తడి బిందెలు ఒక్కొక్కటిగా బయట పడును. అడవిపందుల బెడద గల ఊళ్ళలో, పంట రక్షణకై లైసెన్సుపై ఉంచుకొన్న తుపాకి కూడ అందులో బయట పడవచ్చును.

కర్ర భాగము కాలిపోయియుండును. గొట్టము మాత్రము వంకర లేక, నిలువునా ఉన్నట్లే కనబడును. మసి తుడిచి, నూనె రాసి, క్రొత్త కర్ర బిగించినచో ఇంకొక పదేండ్లు పని చేయునని తోచును. ఇల్లు పోయి, వేరుసెనగ చేను పందుల పాలగుచున్న రైతుకు ఈ ఆలోచన కలుగుట సహజమే. కాని తుపాకి విషయములో ఈ పొదుపు ప్రాణాంతకము కాగలదు. మంటలో పడిన తుపాకిని అనుభవము గల లైసెన్సుదారుడగు మరమ్మతుదారు పరీక్షించి, మంచిదని చెప్పువరకు పేల్చరాదు. గొట్టము ఎర్రగా కాలినదని తెలిసినచో పరీక్ష కూడ అనవసరము. దానిపై ఆశ వదలుకొనవలెను. కారణములు తెలిసినగాని ఈ మాట మనసుకెక్కదు కనుక వాటిని వివరముగా చెప్పుచున్నాము.

తుపాకి గొట్టము మోయు బరువు

ట్రాక్టరు వెనుక చక్రములో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలోగ్రాము. ఆ చక్రము పగిలిననే దగ్గరనున్నవారికి దెబ్బ తగులును. 12 బోరు తూటా పేలినపుడు గొట్టపు మొదట పుట్టు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 600 కిలోగ్రాములకు పైబడియుండును. ఇది కనురెప్పపాటు కన్న తక్కువ కాలములో పుట్టి అణగిపోవును. ఆ క్షణమున ఎడమ చేయి గొట్టము క్రింద నుండును. కుడి కన్ను, చెంప దానికి జానెడు దూరములో నుండును. గొట్టము ఓర్చుకొనలేనిచో పోవునవి వ్రేళ్ళు, కన్ను, ఒక్కొక్కపుడు ప్రాణము.

కొడవలికి పదును పోయినచో గడ్డి తెగదు, అంతే. కమ్మరి వద్దకు తీసికొనిపోయి మరల పదును పెట్టించుకొనవచ్చును. తుపాకికి పదును పోయినచో, ఆ సంగతి పేలినపుడు గాని తెలియదు. ఈ రెండింటికి గల భేదమంతయు ఇదియే.

అగ్ని ఉక్కును ఏమి చేయును?

ఉక్కు బలము దాని లోహములోనే గాక, దానిని కాచి చల్లార్చిన తీరులో కూడ నున్నది. ఈ సంగతి మన కమ్మరులకు క్రొత్త కాదు. వారు ఉలిని ఎర్రగా కాచి నీట ముంచి గట్టిపరచి, తిరిగి కొంచెము కాచి పెళుసుదనము తగ్గింతురు. ఆ రెండవ కాకలో మెరుగు పెట్టిన ఉక్కుపై రంగులు వరుసగా పారును. సుమారు 220 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లేత గడ్డి రంగు, 280 వద్ద ఊదా, 300 వద్ద నీలము, ఆ పైన బూడిద రంగు. ఒక్కొక్క పనిముట్టుకు ఒక్కొక్క రంగు వద్ద కాక ఆపుదురు. ఆ హద్దు దాటినచో పెట్టిన పదును పోవును.

తుపాకి తయారు చేయువారును ఇట్లే ఒక్కొక్క భాగమునకు తగిన పదును పెట్టుదురు. అగ్ని ప్రమాదము ఆ లెక్కలన్నిటిని తారుమారు చేయును.

స్ప్రింగులు: ఇవి అన్నిటికన్న ముందు చెడును. కాక ఎక్కిన స్ప్రింగు చూపునకు బాగుగనే యుండును గాని బిగువు చచ్చియుండును.

మీట, గుర్రము: వ్రేలితో నొక్కు మీటకు, తూటా టోపీపై దెబ్బ కొట్టు గుర్రమునకు నడుమ వెంట్రుకవాసి గండి మీద పట్టు నిలిచియుండును. ఆ గండి గట్టిదనము పోయినచో త్వరలో అరిగి గుండ్రపడును. అటుపిమ్మట మీట నొక్కకయే, తుపాకి క్రింద తగిలినంతనే పేలవచ్చును.

తాళము: గొట్టమును మూసి బిగించు తాళమునకు పాత తుపాకులలో మెత్తని ఉక్కుపై పైపొర మాత్రము గట్టిపరచెడివారు. అగ్నిలో ఆ పొర మెత్తబడును. క్రమముగా తాళము వదులై, గొట్టపు మొదలు సరిగా మూసికొనదు.

గొట్టము: ఇందులో రెండు విధముల ముప్పు కలదు. ఎర్రగా కాలి బూడిదలో నెమ్మదిగా చల్లారిన గొట్టము మెత్తబడి, పేలినపుడు ఉబ్బును లేదా చీలును. ఎర్రగా నున్నపుడు ఆర్పుటకు పోసిన నీరు పడినచో, ఉక్కు రకమును బట్టి గాజువలె పెళుసై ముక్కలగును. ఒకే గొట్టములో ఒక జానెడు మెత్తగను, ఇంకొక జానెడు పెళుసుగను ఉండుట కూడ జరుగును.

నోటినుండి మందు దట్టించు పాతకాలపు తుపాకి గలవారు, “మాది వట్టి ఇనుప గొట్టము, దానికి నిప్పేమి చేయును?” అందురు. ఇదియు పొరపాటే. ఎర్రగా కాలిన ఇనుము లోపల వెలుపల పొలుసులుగా ఊడి పలుచనగును. గొట్టము వెనుక బిగించిన బిరడా మరలు వదులగును. అందులో మందు కొలత చేతివాటమే గనుక ప్రమాదము మరింత ఎక్కువ.

రెండు గొట్టముల తుపాకి మరియు సున్నితమైనది. రెండు గొట్టములను, వాటి నడుమ పట్టీని సాధారణముగా తగరము, సీసము కలిసిన మాటుతో అతికింతురు. ఈ మాటు 200 డిగ్రీల ప్రాంతముననే కరుగుట మొదలిడును. అనగా కర్ర భాగము పూర్తిగా కాలకమునుపే లోపలి అతుకు వదలియుండవచ్చును. గొట్టములను దారముతో వ్రేలాడదీసి కొయ్య ముక్కతో మెల్లగా తట్టినచో మంచివి గంటవలె మ్రోగును. అతుకు విడినవి బొంగురుపోవును. బొంగురుపోయినచో దోషమున్నట్లే. కాని మ్రోగినంత మాత్రమున ఉక్కు బలము నిలిచినదని తలచరాదు.

కంటి చూపు చాలదు

ఉక్కు విషయములో కాక ఎంత ముఖ్యమో తెలుగునాటి చరిత్రయే చెప్పును. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రము ఉక్కును కొనుటకు 19వ శతాబ్దములో పర్షియా వర్తకులు అంత దూరమునుండి వచ్చెడివారు. ఇట్టి మూస ఉక్కును తక్కువ కాకపై ఓర్పుతో సాగగొట్టవలెను. ఐరోపా కమ్మరులు తమ అలవాటు చొప్పున తెల్లగా కాచి కొట్టగా అది సుత్తి దెబ్బకు పిండియైనది. ఉక్కు మంచిదే, కాక మితిమీరినది.

అనుభవశాలుర కన్ను కూడ మోసపోవునని అమెరికాలో తెలిసివచ్చినది. అక్కడి స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధ కర్మాగారములో 1903 నమూనా సైనిక తుపాకులను తయారు చేయునపుడు, కొలిమిలోని ఉక్కు ఎంత కాగినదో పనివారు రంగు చూచియే నిర్ణయించెడివారు. 1917లో కొన్ని తుపాకులు పగిలిపోగా విచారణ జరిపిరి. మబ్బు పట్టిన రోజున కనబడు ఎరుపునకు, ఎండ కాయు రోజున కనబడు ఎరుపునకు ఎంతో భేదమున్నదనియు, ఎండ వెలుగులో పనివారు ఉక్కును హద్దు మీరి కాచుచున్నారనియు తేలినది. అటుపిమ్మట కొలిమిలో వేడిమిని కొలుచు యంత్రములు పెట్టి, 1918లో ఉక్కుకు పదును పెట్టు పద్ధతినే మార్చిరి. సుమారు 8,00,000 వరుస సంఖ్యకు లోపలి తుపాకులను నమ్మదగనివిగా ఎంచి, క్రమముగా వాడుకనుండి తొలగించిరి. మరల కాచి బాగుచేయ జూచిన ప్రయత్నములు కూడ సంతృప్తికరముగా లేకపోయెను.

ఆ తుపాకులు చూపునకు చక్కగనే యుండెను. పెక్కు పేల్చినను పగులలేదు; కొన్ని పగిలెను. ఏది పగులునో ఎవరును ముందుగా చెప్పలేకపోయిరి. కర్మాగారములో, నిపుణుల చేతిలోనే ఇట్లు జరిగినపుడు, కాలిన ఇంటిలో ఎంత కాక తగిలినదో తెలియని తుపాకిని ఒకటి రెండు మారులు పేల్చి చూచి మంచిదనుట ఎట్లు?

ఇంటి సామానులే సాక్షులు

అట్లని పొగ సోకిన ప్రతి తుపాకిని పారవేయవలెనని కాదు. దానికి ఎంత వేడి తగిలినదో చుట్టుపక్కల వస్తువులు చెప్పును. తుపాకి దొరికిన చోటనే, దాని ప్రక్కనున్న వాటిని పరిశీలింపవలెను.

పాలిథీన్ సంచి కరుగక నిలిచినచో అక్కడి వేడి సుమారు 110 డిగ్రీలకు లోపు.
కాగితములు తెల్లగా నున్నచో 200 డిగ్రీలకు లోపు; నల్లగా మాడినచో అంతకు మించినది.
తూటాలలోని సీసపు గుండ్లు కరిగి ముద్దయైనచో 327 డిగ్రీలు దాటినది.
అల్యూమినియము గిన్నె కరిగినచో 660 డిగ్రీలు దాటినది. ఆ వేడిలో ఉక్కు ఎర్రగా కాలును.
ఇత్తడి బిందె కరిగినచో 900 డిగ్రీల ప్రాంతము. రాగి చెంబు కరిగినచో 1,085 డిగ్రీలు.

మూసిన గదిలో మంట గది అంతటిని ఒక్కమారు అందుకొనునపుడు వేడి సుమారు 600 డిగ్రీలుండి, పిమ్మట 900 దాటుట కలదు. పూరి కప్పు త్వరగా కాలిపోయినను, కూలిన దూలములు, వాసములు నిప్పులై గంటల తరబడి కణకణలాడును. గోడకు తగిలించిన తుపాకి కన్న ఆ నిప్పులలో పడిన తుపాకి ఎక్కువ చెడును.

ఈ సాక్ష్యమును బట్టి తుపాకులను మూడు తరగతులు చేయవచ్చును.

మొదటిది: పొగ, మసి, నీరు మాత్రము సోకినవి. కర్ర మీది వార్నీషు పొంగలేదు; దగ్గరనున్న కాగితములు, ప్లాస్టిక్కు చెడలేదు. వీటిని వెంటనే శుభ్రము చేయించి, పరీక్షింపజేసి వాడుకొనవచ్చును.

రెండవది: కర్ర పైన మాడినది, లేదా వార్నీషు పొంగినది, గొట్టము నిటారుగనే యున్నది. ఇది సందేహపు తరగతి. ఎక్కువ ప్రమాదములకు అవకాశము ఇందులోనే. స్ప్రింగులు, అతుకులు చెడియుండునని ముందుగనే తలచవలెను. గట్టిదనమును కొలుచు పరికరము, పగుళ్ళు చూపు పరీక్ష గల చోటికి పంపినగాని తేలదు. అట్టి వీలు లేనిచో దీనిని మూడవ తరగతిలోనే చేర్చవలెను.

మూడవది: కర్ర బొగ్గయినది, గొట్టపు నల్ల పూత పోయి బూడిద రంగు లేదా పొలుసులు కనబడుచున్నవి, అల్యూమినియము కరిగినది. ఇది ఇక తుపాకి కాదు, పాత ఇనుము.

ఇట్టి దానికి మెరుగు పెట్టి, క్రొత్తగా నల్ల పూత వేసి అమ్మజూపువారు ఉండవచ్చును. పైన పటారము, లోన లొటారము అన్న సామెత వీటికి చక్కగా వర్తించును. తక్కువ వెలకు దొరికినదని పాత తుపాకి కొనువారు, గొట్టము పైని ముద్రలు అరిగి మసకబారియున్నవా, కర్ర మాత్రము క్రొత్తగా నున్నదా అని చూచి, అనుమానమున్నచో నిపుణునికి చూపినగాని కొనరాదు.

గొట్టముపై పరీక్ష ముద్రలున్నవి కదా అని కొందరనవచ్చును. ఆ ముద్రల అర్థము వేరు. తుపాకి తయారైనపుడు మామూలు తూటాకన్న బలమైన తూటాను పేల్చి చూచి, నిలిచిన దానికి ముద్ర వేయుదురు. ఈ పద్ధతి లండనులో 1637 నుండి కలదు. బర్మింగ్‌హాములో ఇందుకై ప్రత్యేక పరీక్షాశాల 1813లో ఏర్పడినది. మన దేశములో ఈశాపూరులో తయారైన 12 బోరు తుపాకులు కూడ పరీక్షకు నిలిచినవే. కాని ఆ ముద్ర నాటి ఉక్కుకు ఇచ్చిన యోగ్యతాపత్రము. అగ్నిలో పడి మారిన ఉక్కుకు అది చెల్లదు.

తుపాకి దొరికిన వెంటనే చేయవలసిన పనులు

1. మంట ఆరునంత వరకు దగ్గరకు పోరాదు. ఇంటిలో తుపాకి, తూటాలు, మందు ఉన్న సంగతిని 101 లేదా 112 నంబరుకు ఫోను చేసినపుడే అగ్నిమాపక సిబ్బందికి చెప్పవలెను. విడిగానున్న తూటాలు మంటలో పేలినను వాటి గుండ్లు తుపాకినుండి వెలువడినంత వేగముతో పోవు. అయినను టోపీలు, ఇత్తడి తునకలు ఎగిరి కంటికి తగులవచ్చును. తూటా దట్టించియున్న తుపాకి మాత్రము మంట వేడికి తనంతట తానే పూర్తి బలముతో పేలును. డబ్బాలో మూసిన నల్లమందు బాంబువలె పేలును.

2. దొరికిన తుపాకిని తూటాతో నున్నదానిగనే భావింపవలెను. గొట్టము నోరు మనుష్యులవైపు, పశువులవైపు త్రిప్పరాదు. మీట తాకరాదు.

3. తాళము బిగిసి తెరువరానిచో సుత్తితో కొట్టరాదు; గడ్డపారతో తెరువజూడరాదు. నోటినుండి కడ్డీ దూర్చి పొడువరాదు. అట్లే ఉంచి పోలీసులకు కబురు చేయవలెను.

4. పోలీసులు, రెవిన్యూ అధికారులు చూచి వ్రాసికొనిన పిమ్మట, ఖాళీ అని తేలిన తుపాకికి ఆలస్యము చేయక తుప్పు పట్టకుండ చూడవలెను. నేటి ఇండ్లలో కాలిన కరెంటు తీగల పైతొడుగు నుండి వెలువడు పొగ నీటితో కలిసి ఆమ్లమగును. ఆర్పుటకు చల్లిన పొడియు లోహమును తినును. మొదటి తరగతి తుపాకి ఈ కారణముననే నాలుగైదు దినములలో చెడిపోవచ్చును. పొడి గుడ్డతో తుడిచి, మంచి నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పలుచని నూనె పట్టించవలెను. ఆరబెట్టుటకు మరల పొయ్యి వద్ద పెట్టరాదు.

5. వేడి తగిలిన తూటాలను, పేలకపోయినను, వాడరాదు. వాటిలోని మందు గుణము మారియుండును. బావిలో వేయుట, పాతిపెట్టుట, కాల్చుట కూడదు, పోలీసులకు అప్పగింపవలెను.

చట్టమును మరువరాదు

కాలినను, విరిగినను, తుపాకి చట్టము దృష్టిలో ఆయుధమే. దాని విడిభాగములు కూడ ఆయుధములే. 1959 నాటి ఆయుధముల చట్టము 5వ విభాగము ప్రకారము లైసెన్సు లేనివారు తుపాకిని మరమ్మతు చేయుట నేరము. కనుక ఊరి కమ్మరికి ఇచ్చి గొట్టము కాయించుట, అతికించుట ఇరువురికి చిక్కు తెచ్చును. మరమ్మతు లైసెన్సు గల దుకాణములోనే చేయింపవలెను. పాత ఇనుము వర్తకునికి అమ్మరాదు. పోలీసు ఠాణాలో తెలిపి, వారు చెప్పిన రీతిని అప్పగించి రసీదు తీసికొనవలెను. లైసెన్సు పుస్తకము కాలిపోయినచో నకలు కొరకు లైసెన్సు ఇచ్చిన అధికారికి దరఖాస్తు పెట్టవలెను. 2019 సవరణ పిమ్మట లైసెన్సు గడువు 5 సంవత్సరములు. తుపాకి ఉన్నంత మాత్రమున అడవిపందినైనను ఇష్టము వచ్చినట్లు కాల్చుటకు వీలు లేదని, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అనుమతి ఉండవలెనని కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

తక్కిన పనిముట్ల మాట

అదే బూడిదలో దొరికిన కర్రు, పార, గునపము, గొడ్డలి, కొడవలి వంటివి నిరభ్యంతరముగా కమ్మరి వద్దకు తీసికొనిపోవచ్చును. అతడు మరల కాచి పదును పెట్టినచో దాదాపు క్రొత్తవే. గొడ్డలి పెళుసు కాకుండ చూడుమని చెప్పవలెను. కాని బరువును, ఒత్తిడిని మోయునవి తుపాకివలెనే అనుమానింపదగినవి. ట్రాక్టరు తొట్టి కొక్కెము, దాని సీల, బరువులెత్తు గొలుసు, మందు చల్లు యంత్రపు ఒత్తిడి తొట్టి, వంట గ్యాసు సిలిండరు మంటలో పడినచో మార్చవలెనేగాని వాడరాదు. ఆ వస్తువు వాడుకలో విఫలమైనచో పని చెడునా, మనిషి చచ్చునా? ఈ ఒక్క ప్రశ్న వేసికొనినచో దేనిని దాచుకొనవలెనో, దేనిని వదలుకొనవలెనో తేలిపోవును.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న లాభము లేదు. తుపాకిని చూరులో దోపుట, పొయ్యి పైనున్న అటకపై పెట్టుట మానవలెను. దట్టించిన తుపాకిని ఎన్నడును ఇంటిలో ఉంచరాదు. తుపాకి ఒక చోట, తూటాలు వేరొక చోట తాళము వేసి, పిల్లలకు అందకుండ ఇనుప పెట్టెలలో గోడ ప్రక్కన నేల మీద ఉంచవలెను. మంటలో కప్పు దగ్గర వేడి ఎక్కువ, నేల దగ్గర తక్కువ. తుపాకి నంబరు, లైసెన్సు నకలు మరొక ఇంట భద్రపరచవలెను.

పోయిన తుపాకికి బదులు క్రొత్తది అనుమతి పొంది కొనుటకు కొంత కాలము పట్టును. ఆ లోపున చేనికి కంచె, కందకము, రాత్రి కావలి ఉన్నవి. ఒక పంటలో కొంత పందుల పాలైనను వచ్చే ఏడు మరల విత్తుకొనవచ్చును. కాలిన గొట్టమును నమ్మి పోగొట్టుకొన్న చేతిని, కంటిని మరల తెచ్చుకొనలేము.